నూట నలభై ఆరు పచ్చ చుక్కలు

కొలత తప్పని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై రెండేళ్ళుగా టైలర్ని. మెడలో టేపు లేకుండా నన్ను చూసింది మా ఆవిడొక్కతే. చొక్కా బిగుతైందని తిరిగి పట్టుకొచ్చినవాళ్ళు లేకపోలేదు కానీ, వాళ్ళలో చాలామంది ఈలోగా ఒళ్ళు చేసినవాళ్ళే. ఆ మాట మొహం మీదే చెప్పి పంపేవాణ్ణి. అలాంటి నేను నూట నలభై ఆరు చోట్ల ఒకే తప్పు చేశాను. తలుపుల వెడల్పు రాయడంలో అరంగుళం కూడా తేడా రాలేదు. అయినా తప్పే. దాని గుర్తు మా ఆవిడ మోచేతి మీద ఇంకా కనిపిస్తుంది.

ఇదంతా ఒక కోటు చేతులతో మొదలైంది. మా వీధి చివర లైబ్రరీలో పనిచేసే అమ్మాయి కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి మా షాపుకొచ్చింది. షాపంటే మా ఇంటి ముందు గదే. నేను మిషను మీద ఉంటాను, మా ఆవిడ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని కాజాలు కుడుతుంది. పదకొండేళ్ళ కింద మేడమెట్ల మీంచి జారిపడి ఆమె వెన్ను దెబ్బతింది. అప్పట్నుంచి నడుం కింద కదలిక లేదు. చేతులు మాత్రం చూసి తీరాలి. ఆమె కుట్టిన కాజా లోపలి వైపు తిప్పి చూసినా పైవైపులాగే ఉంటుంది.

"పిన్నీ, మీరు లైబ్రరీకి ఎప్పుడూ రాలేదే?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మీ లైబ్రరీకి ఎన్ని మెట్లమ్మా?" అంది మా ఆవిడ దారం కొరుకుతూ.

"ఎప్పుడూ లెక్కపెట్టలేదు పిన్నీ."

"ఏడు. పక్కన పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. తన ఫోను తీసి మా ఆవిడ ఒళ్ళో పెట్టింది. అందులో మా పేట మ్యాపు ఉంది. మా వీధి, పక్క వీధి, బేకరీ, మందుల షాపు. "ఇది ఏ కంపెనీదీ కాదు పిన్నీ. మనలాంటివాళ్ళే వేస్తారు, మనలాంటివాళ్ళే దిద్దుతారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. కుర్చీలో వెళ్ళేవాళ్ళు ఎక్కడికి వెళ్ళగలరో కూడా ఇందులో పెట్టొచ్చు. వెళ్ళగలిగితే పచ్చ చుక్క, కొంతవరకైతే పసుపు, వెళ్ళలేకపోతే ఎరుపు. ఎవరూ చూడని చోటు బూడిద రంగులో ఉంటుంది. మన పేట చూడండి, మొత్తం బూడిదే."

మా ఆవిడ సూది పక్కన పెట్టింది. ఆమె పని మధ్యలో సూది పక్కన పెట్టడం నేను ఎప్పుడోగానీ చూడలేదు. వేలితో మ్యాపుని అటూ ఇటూ జరిపి చాలాసేపు చూసింది. "ఇది నేర్చుకుంటే బావుండు," అంది.

"ప్రతి ఆదివారం పొద్దున నేర్పిస్తున్నాను. కానీ లైబ్రరీలో..." అని ఆ అమ్మాయి నాలిక్కరుచుకుంది. "నేనే మీ ఇంటికొస్తా పిన్నీ."

నేను ఊరుకోవచ్చు కదా! "నీకెందుకమ్మా శ్రమ? నేనొస్తాలే. నేను నేర్చుకుంటే ఆవిడ నేర్చుకున్నట్టే," అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఫోను తిరిగిచ్చేసి సూది అందుకుంది. ఏమీ అనలేదంటే సరేనన్నట్టేగా అనుకున్నాను.

లైబ్రరీలో ఆరుగురం పోగయ్యేవాళ్ళం. అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే. ఆ అమ్మాయి పుల్లవిరుపు మాటల మనిషి కాదు కానీ, మ్యాపు దగ్గర మాత్రం పరమ మొండిది. "మన కళ్ళతో చూసిందే పెట్టాలి. ఎవరో చెప్పింది, ఉంటుందిలే అనుకున్నది, ఇంకో కంపెనీ మ్యాపులోంచి చూసి దించింది, ఏదీ పెట్టకూడదు. తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, తెలిసినవాళ్ళు వచ్చి నింపుతారు," అనేది. మొదటి వారం నేను మంగలి షాపుని తీసుకెళ్ళి నడిరోడ్డు మీద పెట్టాను. గీయడానికి మ్యాపు అడుగున పరుచుకునే, ఉపగ్రహం పైనుంచి తీసిన ఫోటో నాలుగు గజాలు పక్కకు జరిగి ఉందట. దాని మీద గీస్తే మన గీతలూ జరుగుతాయి. ముందు ఫోటోని, ఫోను పట్టుకుని రోడ్డు మీద నడిచి రికార్డు చేసిన దారితో సరిచూసుకుని, అప్పుడు గీయాలి. నాకది తేలిగ్గానే ఎక్కింది. బట్ట మీద కాగితం జరిగితే కత్తెర వేయకూడదని నాకొకరు చెప్పాలా?

పచ్చ చుక్క గురించి ఆమె చెప్పిన మాట నా కొలతల పుస్తకంలో రాసుకున్నాను. ‘కుర్చీలో ఉన్న మనిషి, ఎవరి సాయమూ లేకుండా, లోపలికి వెళ్ళగలిగితే.’ ఆ కాగితం ఇప్పటికీ ఉంది. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. రాసుకోవడం వరకూ బాగానే చేశాను.

మిగతా ఐదుగురూ గుమ్మాల ముందు నిలబడి, కంటితో చూసి చుక్కలు పెట్టేవాళ్ళు. నాకది నచ్చలేదు. మనిషిని చూసి అంచనాతో చొక్కా కుట్టేవాడు టైలరా? కుర్చీనే తీసుకెళ్తే సరిపోతుంది కదా అనిపించింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిణ్ణి షాపులోని పొడుగు బల్ల మీద కూర్చోబెట్టేవాణ్ణి. వెనక నాలుగు దిండ్లు, పక్కన నీళ్ళ సీసా, ఒళ్ళో పని. అన్నీ అమర్చి, ఖాళీ కుర్చీ తోసుకుంటూ బయల్దేరేవాణ్ణి.

"ఏం మాస్టారూ, ఆవిణ్ణి ఎక్కడ జారవిడిచారు?" అని బేకరీ వాడు నవ్వాడు.

"నువ్వు తూకం జారవిడిచినంత తేలిగ్గా జారవిడవలేదులే. తలుపు దగ్గర్నుంచి తప్పుకో, కొలవాలి," అన్నాను.

మందుల షాపు, చెప్పుల షాపు, కళ్ళ డాక్టరు, పోస్టాఫీసు, రెండు బ్యాంకులు. ఆ చివరి మూడింటికీ ఆదివారం సెలవని శనివారం వెళ్ళాను. ప్రతి చోటా టేపు తీసి తలుపు కొలిచేవాణ్ణి. కుర్చీ వెడల్పు ఇరవై అయిదంగుళాలు. తలుపు ముప్పై దాటితే కుర్చీని లోపలికి నెట్టి, ఒక చుట్టు తిప్పి, బయటికి తెచ్చేవాణ్ణి. గుమ్మం దగ్గర ఎత్తు ఏదైనా తగిలితే నా కుడికాలు దానంతటదే కుర్చీ వెనకున్న కడ్డీని తొక్కేది. ముందు చక్రాలు లేచేవి, చేతులు తోసేవి, కుర్చీ లోపలుండేది. పదకొండేళ్ళ అలవాటు. చెప్పులు విప్పేటప్పుడు ఏ కాలిది ముందు విప్పామో ఎవరికైనా గుర్తుంటుందా? నాకూ అంతే. ఫోను తీసి పచ్చ చుక్క పెట్టేవాణ్ణి. ఆధారం ఏమిటని అడిగే చోట ‘స్వయంగా వెళ్ళి చూసింది’ అని గర్వంగా నొక్కేవాణ్ణి.

నాలుగు నెలల్లో నూట నలభై ఆరు. మా పేట మ్యాపు నారుమడిలా పచ్చబడింది. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకి చూపించేవాణ్ణి. ఆమె ఫోను చూసేది, ఆ తర్వాత కుర్చీ వైపు చూసేది. "ముందు నన్ను దాంట్లో కూర్చోబెట్టండి," అనేది. పొగడ్త ఎక్కడ పోయిందా అని నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది.

ఆ రోజుల్లోనే ‘నత్త’ తగిలాడు. తగిలాడో, తగిలిందో. మ్యాపులో ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకుంటారు. ఈ మనిషి పెట్టుకున్న పేరు నత్త. నా మందుల షాపు చుక్క కింద ఇలా రాసి ఉంది: ‘ఇక్కడ మెట్టుంది. పచ్చ రంగు చూసి వెళ్ళాను. వానలో బయటే ఉండిపోయాను. దయచేసి దిద్దండి.’

నాకు కోపం నషాళానికంటింది. ‘తలుపు ముప్పై నాలుగున్నర అంగుళాలు. నేను టైలర్ని. కంటితో చూసి పెట్టింది కాదు, స్వయంగా చక్రాల కుర్చీ తీసుకెళ్ళి, లోపల తిప్పి చూసి పెట్టాను. అది మెట్టు కాదు, గడపలాంటిది,’ అని జవాబు దంచాను.

మర్నాటికి ఒక్క ముక్కే వచ్చింది. ‘కుర్చీలో ఎవరు కూర్చున్నారు?’

ఎంత పొగరు అనుకున్నాను. జవాబివ్వలేదు. వారం తిరక్కుండా లైబ్రరీ అమ్మాయి షాపుకొచ్చి, స్టూలు చివర కూర్చుని, "బాబాయ్, నత్త చెప్పింది నేనూ చూశాను. ఈ ఆదివారం నేనూ మీతో వస్తాను. ఓ పది చోట్లు మళ్ళీ చూద్దాం," అంది.

"నా మీద తనిఖీనా?"

"తనిఖీ కాదు బాబాయ్. నా చుక్కలు కూడా ఇంకొకళ్ళు చూస్తారు. మ్యాపు పనే అంత."

"నా కుట్టు మీద ఇంకొకడు కుట్టు వేయడం నాకు అలవాటు లేదమ్మాయ్," అన్నాను. మా ఆవిడ తలెత్తి నావైపు చూసింది. ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. తర్వాత రెండు ఆదివారాలు నేను క్లాసుకి వెళ్ళలేదు.

మూడో వారం మా ఆవిడకి ఫోనొచ్చింది. ఇరవై నిమిషాల దూరంలో ఆడపిల్లలకి కుట్టు నేర్పే సెంటరొకటి ఉంది. అక్కడి మేడం ఎవరి జాకెట్టు మీదో మా ఆవిడ చేతి కుట్టు చూసిందట. వారానికి మూడు రోజులు వచ్చి చేతిపని నేర్పించమని అడిగింది. ఫోను పెట్టేశాక మా ఆవిడ మొహం చూడాలి. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడైనా చూసి ఉంటానేమో ఆ మొహం.

"రోజూ నేను దిగబెడతాను. షాపు ఓ గంట ఆలస్యంగా తెరిస్తే కొంపలేం మునగవు," అన్నాను.

"వద్దండీ. నేనొక్కదాన్నే వెళ్తాను."

"ఒక్కదానివా?"

"రోడ్డు నున్నగానే ఉంది, మలుపుల దగ్గర కాలిబాట కిందికి దిగుతుంది. చేతులు గట్టిగానే ఉన్నాయి. పదకొండేళ్ళయింది ఒక్కదాన్ని ఎక్కడికైనా వెళ్ళి. నా పనికి నేను వెళ్ళి నా అంతట నేను రావాలి. లోపలికి వెళ్ళడం ఒక్కటే తెలియాలి. ఆ సెంటర్ మీ మ్యాపులో ఏ రంగు?"

ఫోను తీయాల్సిన పని కూడా లేకపోయింది. రెండు నెలల కిందే కుర్చీ తిప్పి వచ్చాను. "పచ్చ. ముప్పై ఆరంగుళాల తలుపు. కుర్చీ అటూ ఇటూ తగలకుండా వెళ్ళొచ్చు."

"మెట్లు?"

"లేవు," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "సరే," అని మళ్ళీ సూది పట్టుకుంది. అబద్ధం చెప్పానని నాకు తెలియదు. ఇప్పటికీ రోజుకోసారి నాకు నేను చెప్పుకునే మాట ఇదే. కానీ దానివల్ల ఏమీ తేలికపడదు.

సోమవారం పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుంది. సూదుల డబ్బా, దారాలు, చిన్న కత్తెర సంచిలో సర్దుకుంది. కిందికి దింపాక, "ఇక లోపలికి వెళ్ళండి," అంది. నేను వెళ్ళలేదు. చక్రాలు తిప్పుకుంటూ ఆమె మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. ఆ రోజు ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేశాను.

నాలుగున్నరకి వచ్చింది. మోచేతికి కట్టు. చీర కుచ్చిళ్ళ దగ్గర మట్టి. పైకి తీసుకొచ్చి కిటికీ పక్కన పెట్టాను. ఏమైందని అడిగాను. సంచిలోంచి సూదుల డబ్బా తీసి, ఒక్కొక్క సూదికీ అంటిన మట్టి గుడ్డతో తుడుస్తూ కూర్చుంది.

ఈలోగా నా ఫోను మోగింది. సెంటర్ మేడం. "సర్, పొద్దున చిన్న ఇబ్బందయింది. మా గుమ్మానికి రెండు మెట్లున్నాయి కదా. వాచ్‌మనూ, పక్క షాపతనూ కలిసి కుర్చీ ఎత్తబోతే, పట్టుకున్న కుర్చీ చెయ్యి ఊడి వచ్చేసిందట. మీ మేడం పక్కకి పడ్డారు. పాపం, అయినా రోజంతా పిల్లలకి నేర్పించారు. మనిషి చాలా మంచివారు. కానీ సర్, మా వాళ్ళకి ఎత్తడం చేతకాదు. రేపట్నుంచి మీరే వచ్చి దిగబెడితే మాకేం అభ్యంతరం లేదు."

"దానికేం భాగ్యమండీ, నేనున్నాను కదా! తప్పకుండా వస్తాను," అన్నాను. ఫోను పెట్టేసి మా ఆవిడ వైపు తిరిగాను. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. "విన్నావా? రేపట్నుంచి నేనే దింపుతాను. ఆ కుర్చీ చేతులు ఊడొస్తాయని వాళ్ళకేం తెలుసు? కింద కడ్డీ పట్టుకోవాలి."

"ఆవిడ నాకెందుకు చెయ్యలేదు ఫోను?" అంది మా ఆవిడ.

"ఏదో, నా నంబరు ఉందని..."

"పిల్లలంతా కిటికీల దగ్గరికొచ్చి చూశారండీ. పదహారు మంది. వాళ్ళ టీచరు మట్టిలో పడి ఉంటే, ఇద్దరు మగాళ్ళు చంకల కింద చేతులు వేసి ఎత్తి కుర్చీలో పడేశారు. నా సూదులు వాళ్ళు ఏరారు. మెట్లు లేవన్నారు కదా మీరు?"

"రెండు మెట్లు... అంత చిన్నవి... దానికింత బాధ దేనికి? నేనున్నాను కదా!"

"మీరున్నారు. మీరున్నప్పుడే నేనెక్కడైనా ఉన్నాను. పదకొండేళ్ళుగా అంతే." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ణి. "ఒకటడుగుతాను, చెప్పండి. ఆదివారాలు కుర్చీ తీసుకుని వెళ్ళేవారు కదా, అప్పుడు నేనెక్కడుండేదాన్ని?"

"బల్ల మీద. దిండ్లు పెట్టి, నీళ్ళు పెట్టి..."

"ఎంతసేపు?"

"రెండు గంటలు. ఒక్కోసారి మూడు."

"నీళ్ళ సీసా పెట్టేవారు. వచ్చేసరికి నిండుగానే ఉండేది. ఎందుకు తాగలేదని ఒక్కసారైనా అడిగారా?"

నేను ఆ సీసా ప్రతిసారీ చూసేవాణ్ణే. నిండుగా ఉందని తిరిగి వంటింట్లో పెట్టేవాణ్ణి కూడా.

"తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలి. వెళ్ళడానికి నాకున్న కాళ్ళు మీరు వీధుల్లో తిప్పుతున్నారు."

"చెప్పొచ్చు కదా!" అన్నాను.

"చెప్తే మానేసేవారు. మ్యాపు ఆగిపోయేది. ఒకసారి ఆ మ్యాపు పూర్తయితే, అది చూసుకుని ఒక్కదాన్నే వెళ్ళొచ్చని ఆశ. అందుకే నోరు కట్టుకుని కూర్చున్నాను. నాలుగు నెలలు."

ఆమె ఏడవలేదు. సూదులు తుడవడం అయిపోయింది, డబ్బా మూత పెట్టింది. నేనే లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, మొహం కడుక్కుంటున్నట్టు చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే సెంటర్‌కి వెళ్ళాను. మెట్లు అక్కడే ఉన్నాయి. ఒకటి ఆరంగుళాలు, ఒకటి ఏడు. కనబడకుండా ఎక్కడో మూలకి లేవు. నీలం రంగు తలుపు ముందు, పట్టపగలు, వీధిలోకి పొడుచుకుని ఉన్నాయి. రెండు నెలల కింద నేను వీటి మీదే కుర్చీ ఎక్కించాను. ఒంటి చేత్తో. రెండో చేత్తో వాచ్‌మన్‌కి దండం పెట్టిన సంగతి కూడా గుర్తొచ్చింది. వాచ్‌మన్ గుర్తున్నాడు, దండం గుర్తుంది, మెట్లు మాత్రం లేవు. నా కాలు వాటిని తొక్కింది, నా తల దాకా కబురు రాలేదు.

మందుల షాపుకి వెళ్ళాను. ఒక మెట్టు, అయిదంగుళాలు. చెప్పుల షాపు, రెండు. కళ్ళ డాక్టరుకి మూడు. ఒక్కో గుమ్మం దగ్గర టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. బేకరీ వాడు, "ఇవాళ కుర్చీ లేదేం మాస్టారూ?" అని అడిగాడు. వాడి గుమ్మం ముందు కూడా వంగి టేపు పెట్టాను. ఆ నత్త ఎవరో, ఎంత సేపు వానలో ఉందో, ఆ రోజు ఏ మందు కోసం వచ్చిందో, ఇవన్నీ అప్పుడు తట్టాయి నాకు.

అక్కణ్ణుంచి లైబ్రరీకి వెళ్ళాను. ఏడు మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. ఆ అమ్మాయి పుస్తకాలు సర్దుతోంది.

"నావి మొత్తం తీసెయ్యమ్మా. నూట నలభై ఆరూ," అన్నాను.

ఆమె సంగతంతా విని, చేతిలో పుస్తకం పక్కన పెట్టింది. "చోట్లు తీసెయ్యక్కర్లేదు బాబాయ్. తలుపు కొలతలు నిజమే కదా. రంగు ఒక్కటే ఖాళీ చేద్దాం. మళ్ళీ చూసేదాకా బూడిదగానే ఉండనీ. కానీ చేసింది మీరు, మీ చేత్తోనే దిద్దండి," అంది. ఆ రోజంతా ఆమె పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ తీశాను. మా పేట మళ్ళీ బూడిదైపోయింది. మందుల షాపు చుక్క కింద నత్తకి జవాబు రాశాను. ‘కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తప్పు నాది. క్షమించండి.’ సాయంత్రానికి వచ్చింది బదులు. ‘సరే. ఇకనుంచి చూసి పెట్టండి.’ అంతే.

సెంటర్ ఉద్యోగం పోయింది. పోయిందని వాళ్ళనలేదు. మా ఆవిడే ఫోన్ చేసి, వాలుదారి వేయిస్తే తప్ప రానని, తన భర్త వచ్చి ఎత్తడని చెప్పింది. మేడం, "తర్వాతి బ్యాచ్‌కి చూద్దామండీ," అంది. నాలుగో రోజుకి వేరే టీచరు చేరిందని తెలిసింది. మా ఆవిడ ఆ వారమంతా కాజాలు కుట్టింది. నాతో మాట్లాడింది, భోజనం పెట్టమంది, గుండీల డబ్బా అందించమంది. అన్నీ మామూలే. నాకు మాత్రం ప్రతి మాటా పరాయి వాళ్ళ ఇంట్లోంచి వినబడుతున్నట్టుండేది.

ఆదివారం లైబ్రరీ అమ్మాయి మా ఇంటికొచ్చింది. నేను పిలవలేదు, మా ఆవిడ పిలిచింది. కిటికీ పక్కన ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. నాకు నాలుగు వారాలు పట్టిన పని మా ఆవిడకి ఒక పూటలో వచ్చేసింది. "ఫోటో పక్కకు జరిగింది, చూడు," అని ఆ అమ్మాయికే చూపిస్తోంది. మిషను తొక్కుతున్నట్టు నటిస్తూ అన్నీ విన్నాను.

మరుసటి ఆదివారం నుంచి ఆమె ఒక్కతే బయల్దేరింది. "నేనూ రానా? ఊరికే వెనకాల నడుస్తాను, చెయ్యి వెయ్యను," అన్నాను.

"మీ చేతుల సంగతి మీకే తెలియదు కదండీ. షాపులో ఉండండి," అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

నేను పొడుగు బల్ల మీద కూర్చుని ఫోనులో మ్యాపు చూస్తూ ఉండేవాణ్ణి. అరగంటకోసారి ఒక చుక్కకి రంగు వచ్చేది. చెప్పుల షాపు, ఎరుపు. కళ్ళ డాక్టరు, ఎరుపు. శనివారం వెళ్ళి చూసిన బ్యాంకుల్లో ఒకటి, పచ్చ. రెండో బ్యాంకు పసుపు, కింద చిన్న అక్షరాలు: ‘పక్క తలుపు ఉంది, తాళం వేసి ఉంటుంది, గంట కొడితే పది నిమిషాలకి తీశారు.’ మందుల షాపు, ఎరుపు. ‘మెట్టు అయిదంగుళాలు. పిలిస్తే మందు బయటికి తెచ్చి ఇస్తారు.’ అందులో ఎక్కడా బాధ లేదు, కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు, నేను పెట్టాల్సినట్టు. ఆరు వారాల్లో యాభై మూడు చోట్లు చూసింది. పచ్చ రంగు పదకొండిటికి నిలిచింది.

మొన్న ఆదివారం అయిదు గంటలప్పుడు ఆమె తిరిగొచ్చింది. నేను గొంతు విని బయటికి పరుగెత్తాను. వీధిలో, మా గుమ్మం ముందు, కుర్చీ ఆపుకుని కూర్చుని ఉంది. నేను చప్పున దిగి, అలవాటు ప్రకారం కుర్చీ వెనక్కి వెళ్ళి, కాలు కడ్డీ మీద పెట్టాను.

"ఆగండి," అంది. ఫోను నా వైపు తిప్పింది. మ్యాపులో మా వీధి ఉంది. వీధి మధ్యలో ఒకే ఒక్క చుక్క నిగనిగలాడుతోంది. పచ్చగా. మా షాపు. అన్నీ ఖాళీ చేసిన రోజు దీన్నొక్కదాన్నీ వదిలేశాను. మా ఇంటిని కొత్తగా చూసేదేముంది అనుకున్నాను.

"ఇది మీరు పెట్టింది. మీరే దిద్దండి," అంది.

మెడలోంచి టేపు తీశాను. వంగాను. ఒకటి ఆరున్నర, ఒకటి ఏడు. ఈ ఇల్లు మేం కొన్నది ఆమె పడ్డాక. తలుపు వెడల్పుగా ఉందని, గది విశాలంగా ఉందని, వెలుతురు బాగా వస్తుందని నేనే ఎంచాను. తనకి నచ్చిందో లేదో చూడమని, ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి చూపించాను. ఆ రోజు ఆమె ఏమందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పదకొండేళ్ళుగా తన ఇంట్లోంచి బయటికి రావాలన్నా, తన ఇంట్లోకి వెళ్ళాలన్నా, ఆమె నన్ను పిలవాల్సిందే. నేను చేతిపనిలో ఉంటే ఆగాల్సిందే.

కుర్చీకి అనువేనా అని అడిగే చోట ‘కాదు’ అని నొక్కాను. చుక్క ఎర్రబడింది. ‘రెండు మెట్లు, ఆరున్నర, ఏడు అంగుళాలు,’ అని కింద రాశాను. ఆధారం ఏమిటని అడిగింది ఫోను. స్వయంగా వెళ్ళి చూసింది. అది నొక్కడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఫోను ఆమె చేతికిచ్చాను. కుర్చీ వెనక్కి వెళ్ళబోయి, ఆగి, ఆమె ముందుకొచ్చి నిలబడ్డాను.

"ఎత్తనా?" అని అడిగాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ ప్రశ్న అంతకుముందు ఎప్పుడూ అడగలేదని ఆ చూపుతోనే తెలిసింది నాకు.

"ఇప్పుడే వద్దు," అంది. "కాసేపు బయట ఉంటాను."

సరేనన్నాను. నేను లోపల వదిలేసి వచ్చిన కస్టమరు మాస్టారూ అని పిలుస్తున్నాడు. మెట్టు మీద కూర్చున్నాను, ఆమె పిలిచేదాకా.